గట్టు మీది కాపలా కుక్క - మన మీద దాని హక్కు

సకల స్తోత్రాలు, కృతజ్ఞతలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌ఆమ్ సూరా 38వ ఆయతులో అల్లాహ్ మనకొక సత్యాన్ని తెలియజేశాడు. భూమిపై సంచరించే ప్రతి జంతువూ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనవంటి సముదాయాలేనని, చివరకు అవన్నీ తమ ప్రభువు సన్నిధిలో సమావేశపరచబడతాయని ఆ ఆయతు సారాంశం. ఆ సముదాయాలలో ఒకదానిని గురించి ఈ శుక్రవారం మాట్లాడదలచాము. అది కుక్క. మింబర్ మీది నుండి ఈ మాట వినడం మీలో కొందరికి వింతగా తోచవచ్చు. కాని ప్రతి జుమా నాడూ మనం పారాయణం చేసే కహఫ్ సూరా 18వ ఆయతులో, 22వ ఆయతులో ఈ జంతువు ప్రస్తావన ఉన్నది. విశ్వాసాన్ని కాపాడుకోవడానికి గుహలో తలదాచుకున్న ఆ యువకుల గడప వద్ద ముందుకాళ్ళు చాచి పడుకొని ఉన్న కుక్కను అల్లాహ్ తన గ్రంథంలో ప్రస్తావించాడు. అల్లాహ్ ప్రస్తావించిన దానిని గురించి మాట్లాడడానికి మనం సంకోచించనవసరం లేదు.

మా వద్దకు వచ్చే ప్రశ్నలు

మన భీమవరం చుట్టుపట్ల ఉండి, ఆకివీడు, వీరవాసరం, మొగల్తూరు వైపు ఎటు వెళ్ళినా ఒకప్పటి వరి చేలలో అనేకం నేడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. మన సోదరులలో కొందరు చెరువులు లీజుకు తీసుకున్నారు. మరికొందరు కాపలాదారులుగా, పట్టుబడి కూలీలుగా, మేత బస్తాలు మోసేవారుగా జీవిస్తున్నారు. రాత్రివేళ దొంగలు వల వేయకుండా, ఏరియేటర్ల మోటార్లు, తీగలు మాయం కాకుండా చాలా గట్లపై కుక్కను ఉంచుతారు. అందుచేత ఫజ్ర్ నమాజు తరువాత మమ్మల్ని అడిగే ప్రశ్నలలో ఇది తరచుగా ఉంటుంది: "హజ్రత్, చెరువు దగ్గర కుక్క బట్టలకు తగిలింది. నమాజ్ అవుతుందా?"

ఈ ప్రశ్నకు మేము ఏళ్ళ తరబడి సమాధానం చెబుతూ వచ్చాము. బట్ట సంగతి చెప్పి పంపేవారము. ఆ కుక్కకు నిన్న అన్నం పెట్టారా, దానికి టీకా వేయించారా అని తిరిగి అడిగినవారము కాము. ఆ లోపం ఎంత పెద్దదో ఒక పసివాని వల్ల మాకు తెలిసివచ్చింది.

మా మక్తబ్‌లో చదివే తొమ్మిదేళ్ళ బాలుడొకడు సాయంత్రం ఇంటికి పోతుండగా వీధికుక్క వాని పిక్క పట్టుకున్నది. పళ్ళు కొద్దిగా దిగాయి. ఆ బిడ్డ ఇంటికి వెళ్ళి, ఎవరూ చూడకుండా కుళాయి దగ్గర పైజామాను మూడుసార్లు పిండి ఆరవేశాడు. గాయాన్ని మాత్రం కడుక్కోలేదు. ఎవరికీ చెప్పలేదు. మరుసటి దినం తల్లి చూసి అడిగితే, నాపాక్ అయ్యానని తిడతారని భయపడ్డానన్నాడు. ఆమె అదే గడియలో వానిని ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. సూదులన్నీ తేదీ తప్పకుండా వేయించింది. అల్లాహ్ దయ వలన బిడ్డ క్షేమంగా ఉన్నాడు. అల్‌హమ్దులిల్లాహ్! కాని బట్టను మూడుసార్లు కడగాలన్న పాఠం వానికి నేర్పినది మేమే. గాయాన్ని కడగాలన్న పాఠం నేర్పనిది కూడా మేమే. ఈ ఖుత్బా ఆ అప్పు తీర్చుకోవడానికి చేస్తున్న ప్రయత్నం.

ఎందుకు పెంచుతున్నాము?

సోదరులారా! కుక్కను పెంచదలచిన విశ్వాసి తనను తాను వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది. వేటకు, మందల కాపలాకు, పంటల కాపలాకు తప్ప ఊరకే కుక్కను ఉంచుకున్నవాని పుణ్యఫలం నుండి ప్రతి దినం ఒక ఖీరాత్ తరిగిపోతుందని మహాప్రవక్త (స) హెచ్చరించారు. మరొక ఉల్లేఖనంలో రెండు ఖీరాత్‌లని ఉన్నది. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో హజ్రత్ అబూ హురైరా (రజి), హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి)ల ద్వారా ఈ విషయం మనకు చేరింది. కుక్క ఉన్న ఇంటిలో దైవదూతలు ప్రవేశించరన్న ప్రామాణిక హదీసు కూడా ఉన్నది. ఇక్కడ దైవదూతలంటే కారుణ్యాన్ని మోసుకువచ్చేవారని, కర్మలు లిఖించే దూతలు మనిషిని ఎన్నడూ విడిచిపోరని పండితులు వివరించారు.

మరొకవైపు మాయిదా సూరా 4వ ఆయతులో శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చినదానిని అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడు. కనుక మన ధర్మం కుక్కను అసహ్యించుకోమని చెప్పలేదు. అవసరానికి పెంచుకోమన్నది. ఆడంబరానికి వద్దన్నది. పంటకు కాపలా ఉండే కుక్కకు హదీసులో అనుమతి ఉన్నప్పుడు, నేడు మన పంటచేను వంటిదైన చెరువుకు కాపలా ఉండే కుక్క కూడా ఆ అనుమతి పరిధిలోనిదే. దొంగల భయమున్న ఇంటి కాపలాను కూడా అనేకమంది ధర్మవేత్తలు దీనితో పోల్చి అనుమతించారు. అయితే అటువంటి కుక్క స్థానం ఇంటి వెలుపల, గడప వద్ద, దొడ్డిలో, గట్టు మీద. కహఫ్ యువకుల కుక్క సైతం గడప వద్దనే ఉన్నదని గుర్తుంచుకోండి.

ఇక పదిమంది చూసి మెచ్చుకోవాలని వేలు పోసి విదేశీ జాతి పిల్లను కొనితెచ్చి, మంచు ప్రాంతాల కోసం పుట్టిన ఆ దట్టమైన బొచ్చు జీవిని మన గోదావరి ఎండలలో, ఉక్కపోతలో గదిలో బంధించడం హదీసు హెచ్చరిక పరిధిలోకి వస్తుంది. పైగా అది ఆ జీవికి హింస. కుక్క వెలను తీసుకోవడాన్ని ప్రవక్త (స) వారించారన్న హదీసు కూడా ఉన్నది. ఉపయోగపడే కుక్క క్రయవిక్రయాలను హనఫీ ధర్మవేత్తలు అనుమతించినప్పటికీ, అవసరమైతే ఊరకే దొరికే నాటు కుక్కపిల్లను తెచ్చుకోవడమే మనకు మేలు. మన వాతావరణానికి అలవాటుపడినదీ అదే, గట్టు కాపలాకు పనికివచ్చేదీ అదే.

పరిశుభ్రత గురించి

కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని, మొదటిసారి మట్టితో రుద్దాలని ముస్లిం గ్రంథంలోని హదీసు బోధిస్తున్నది. దీనిని బట్టి కుక్క లాలాజలం అశుద్ధమని మన ఇమాములలో అత్యధికులు చెప్పారు. హనఫీ పద్ధతిలో మూడుసార్లు కడగడం తప్పనిసరి, ఏడుసార్లు కడగడం ఉత్తమం. షాఫిఈ పద్ధతిలో కుక్క శరీరమంతా అశుద్ధమే కనుక తడి తగిలిన చోట కూడా మట్టితో కలిపి ఏడుసార్లు కడగాలి. మాలికీ పండితులు కుక్కను శుద్ధమైన ప్రాణిగానే పరిగణించి, పాత్రను కడగడం ఆజ్ఞాపాలన కోసమన్నారు. ఎవరు ఏ పద్ధతిని అనుసరిస్తున్నారో వారు దానినే పాటించాలి. ఇతరులను నిందించరాదు.

మనలో అధికులు అనుసరించే హనఫీ పద్ధతి ప్రకారం నిత్యజీవితానికి కావలసిన విషయాలు ఇవి. పొడిగా ఉన్న కుక్క పొడి బట్టకు తగిలితే బట్ట అశుద్ధం కాదు. కుక్కను తాకినంత మాత్రాన వుజూ భంగం కాదు. చొంగ అంటితే అంటిన చోట కడగాలి. వర్షంలో తడిసిన కుక్క రాసుకుపోయి, ఏమంటిందో తెలియక మనసులో సందేహం మిగిలితే ఆ చోట కడుక్కొని నిశ్చింతగా నమాజుకు నిలబడండి. చెరువు వద్ద పనిచేసే సోదరులు మకాంలో ఒక జత బట్టలు నమాజు కోసం వేరుగా ఉంచుకుంటే ఈ చింతే ఉండదు. కుక్కకు వేరే చిప్ప, వేరే నీళ్ళ పాత్ర కేటాయించండి.

దైవప్రవక్త (స) కాలంలో మస్జిదులోకి కుక్కలు వస్తూ పోతూ ఉండేవని, అందుకోసం అక్కడ నీళ్ళు చల్లేవారు కారని హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) ఉల్లేఖించినట్లు బుఖారీ గ్రంథంలో ఉన్నది. మస్జిదు ప్రాంగణంలోకి కుక్క తొంగిచూస్తే చెప్పు విసిరి, నడుము విరగగొట్టవలసిన అవసరం లేదు. ద్వారం మూసి ఉంచండి. మెల్లగా అదిలించండి. అంతే చాలు.

గొలుసు కట్టినవాని బాధ్యత

సోదరులారా! ఇప్పుడు ఈ నాటి ప్రసంగంలో ముఖ్య విషయానికి వచ్చాము. ఒక స్త్రీ పిల్లిని కట్టివేసి, తాను అన్నం పెట్టక, నేల మీది పురుగూ పుట్రా తిననీయక చంపినందుకు నరకానికి పోయిందని ప్రవక్త (స) తెలియజేశారు. ఆ హదీసులోని రెండు మాటలను గమనించండి. ఆమె తిండి పెట్టలేదు, వదలనూ లేదు. స్వేచ్ఛగా తిరిగే ప్రాణి తన ఆహారాన్ని తాను వెదుకుకుంటుంది. గొలుసు వేసిన క్షణం నుండి దాని ఆకలి, దాని దప్పిక మన లెక్కలో వ్రాయబడతాయి.

మన గట్ల వైపు ఒకసారి చూడండి. వేసవిలో మధ్యాహ్నం రెండు గంటలు. రెండు మూరల గొలుసు. నీడ లేని గుంజ. చుట్టూ ఎకరాల కొద్దీ నీరున్నది, కాని అది రొయ్యల కోసం పెట్టిన ఉప్పునీరు. ఆ కుక్క తాగడానికి చిప్పలో చుక్క మంచినీరు లేదు. ఒకప్పుడు దప్పికతో బురద నాకుతున్న కుక్కను చూసి ఒక బాటసారి బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీరు నింపి, నోట కరచుకొని పైకి వచ్చి దానికి తాగించాడు. అల్లాహ్ అతని పాపాలను క్షమించాడు. పశువుల విషయంలో కూడా మనకు పుణ్యం ఉన్నదా అని సహాబాలు అడిగినప్పుడు, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యం ఉన్నదని ప్రవక్త (స) సమాధానమిచ్చారు. ఆ బాటసారి కుక్క అతనిది కాదు. అతడు దానిని కట్టివేయలేదు. అయినా బావిలో దిగాడు. మనం కట్టిన కుక్కకు డబ్బాలోని నీళ్ళు వంపడానికి బద్ధకిస్తే రేపు ప్రభువు ఎదుట ఏమి చెప్పగలము?

కనుక కుక్కను ఉంచుకున్న ప్రతి సోదరుడూ వీటిని తన విధిగా భావించాలి. మకాం పక్కన నాలుగు తాటాకులతోనైనా నీడ కల్పించాలి. మంచినీరు రెండు పూటలా మార్చాలి. తనకు వేళకు అన్నం వచ్చినట్లే దానికీ రావాలి. పగలు కట్టితే రాత్రి, రాత్రి కట్టితే పగలు గట్టు మీద తిరగనివ్వాలి. జబ్బు చేస్తే పశువైద్యశాలకు తీసుకుపోవాలి.

మరొక మాట. లీజు గడువు ముగుస్తుంది. చివరి పట్టుబడి అయిపోతుంది. మోటార్లు, పైపులు, మిగిలిన మేత బస్తాలు, మంచం, గిన్నెలు అన్నీ వాహనంలోకి ఎక్కుతాయి. కుక్క ఒక్కటి గట్టు మీద మిగిలిపోతుంది. రెండేళ్ళు మన సొత్తు కాసిన జీవి, వాహనం వెనుక రోడ్డు దాకా పరుగెత్తి ఆగిపోతుంది. ఆ తరువాత అది ఊరిలోకి వచ్చి, ఆకలికి చెత్తకుప్పలు వెదుకుతూ, ఎవరి బిడ్డనో కరచినప్పుడు మనమే దానిని పిచ్చికుక్క అంటాము.

హిజ్రీ 660లో పరమపదించిన మహా పండితుడు ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దుస్సలాం మనిషిపై పశువులకున్న హక్కులను లెక్కిస్తూ, వయసు మళ్ళినా, జబ్బుపడినా, ఇక ప్రయోజనం లేకపోయినా యజమాని దానిపై ఖర్చు చేస్తూనే ఉండాలని వ్రాశారు. పోషించలేనివాడు పోషించగలిగినవానికి అప్పగించాలి. చెరువు కొత్తగా తీసుకున్నవానితో మాట్లాడి కుక్కను అప్పగించడం, లేదా వెంట తీసుకుపోవడం - ఈ రెండే మనకున్న మార్గాలు. లీజు కాగితంలో మోటార్ల లెక్క వ్రాసుకుంటున్నాము. కుక్క సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోండి.

పొరుగువాని భద్రత

ఎవని కీడు నుండి పొరుగువాడు సురక్షితంగా ఉండడో అతడు విశ్వాసి కాడని ప్రవక్త (స) మూడుసార్లు అల్లాహ్ సాక్షిగా చెప్పారు. మన కుక్క కరుస్తుందని పొరుగువారు ముందే హెచ్చరించినా కట్టుబాటు చేయకుండా వదిలేస్తే, అది చేసిన గాయానికి యజమాని బాధ్యుడని మన ధర్మవేత్తలు పూర్వమే తీర్పు చెప్పారు. నేటి దేశ చట్టం కూడా పెంపుడు జంతువు విషయంలో అజాగ్రత్తను శిక్షార్హమైన నేరంగానే చూస్తున్నది. రాత్రంతా మొరిగే కుక్క వల్ల పక్కింటి రోగికి నిద్ర లేకపోవడం, మన కుక్క వారి వాకిలిలో మలవిసర్జన చేయడం కూడా కీడే. అది ముస్లిం వాకిలి అయినా, హిందూ సోదరుని వాకిలి అయినా, క్రైస్తవ సోదరుని వాకిలి అయినా శుభ్రం చేయవలసినవారము మనమే.

అన్నింటికన్నా పెద్ద కీడు రేబిస్. ఈ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత మరణం దాదాపు తప్పదు. ప్రపంచంలో ఏటా దాదాపు 59 వేలమంది దీనివల్ల మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తున్నది. ఈ వ్యాధికి బలయ్యేవారిలో చాలామంది పిల్లలు. అయితే అల్లాహ్ ఏ వ్యాధినీ మందు లేకుండా దింపలేదని ప్రవక్త (స) చెప్పారు. ఈ వ్యాధికి మందు లక్షణాలు రాకముందు వేయించుకునే టీకాయే. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ ఒక బాలునికి ఆ టీకాను మొదటిసారి వేయించాడు. ఆ బాలుని వయసు కూడా తొమ్మిదేళ్ళే.

కాబట్టి శ్రద్ధగా వినండి, ఇంటికి వెళ్ళి ఆడవారికి, పిల్లలకు చెప్పండి. కుక్క కరచినా, గోళ్ళతో గీరినా, పుండు మీద నాకినా వెంటనే ఆ చోటును సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు పెట్టకూడదు. గుడ్డ బిగించి కట్టకూడదు. అదే దినం ఆసుపత్రికి వెళ్ళాలి. సూది వేసిన మొదటి దినాన్ని సున్నాగా లెక్కించి 3, 7, 28వ దినాలలో ప్రభుత్వ ఆసుపత్రులలో సూదులు వేస్తారు. వైద్యుడు మరో విధంగా తేదీలిస్తే వాటినే పాటించాలి. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందును గాయం చుట్టూ ఎక్కిస్తారు. దాని గురించి మీరే వైద్యుని అడగండి. కుక్క బతికి ఉన్నదా చచ్చిందా అని పది దినాలు చూసి ఆ తరువాత సూది వేయించుకుందామనుకోకండి. రమజానులో కరచినా ఇఫ్తార్ దాకా ఆగకండి. ఈ సూది వల్ల ఉపవాసం భంగం కాదు. దుఆ చదవండి, చదివించుకోండి. కాని తాయెత్తు కట్టుకొని సూది మానేయడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధకు అది విరుద్ధం.

పెంచుకునే కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తరువాత వైద్యుని సలహా మేరకు మరొకటి, ఆపై ప్రతి సంవత్సరం తప్పకుండా వేయించాలి. ఏటా సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం జరుపుతారు. ఆ దినాన్ని గుర్తు పెట్టుకొని వేయించినా మంచిదే.

వీధికుక్కల విషయంలో

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ళ బాలుడు మరణించాడు. ఇటువంటి వార్త విన్నప్పుడు గుండె మండుతుంది. విషం పెట్టి అన్నింటినీ చంపాలన్న మాట నోటికి వస్తుంది. కాని విషప్రయోగం చట్టరీత్యా నేరం. ధర్మరీత్యా హింస. కుక్కలు సముదాయాలలో ఒక సముదాయం కాకపోయినట్లయితే వాటిని చంపమని ఆజ్ఞాపించేవాడినని ప్రవక్త (స) చెప్పిన మాట అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. అంటే ఒక జాతిని జాతిగా తుడిచిపెట్టే హక్కు మనకు లేదు. కరిచే కుక్కను అదుపు చేయడం వేరు, కనబడిన ప్రతి కుక్కనూ రాళ్ళతో కొట్టడం వేరు. రాళ్ళు తిన్న కుక్కే రేపు మరో బిడ్డ మీదికి దూకుతుంది. మన పిల్లలు మక్తబ్ విడిచిన తరువాత ఆ పని చేస్తుంటే ఆపవలసినవారము మనమే.

కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసే బాధ్యత స్థానిక సంస్థలది. ప్రయోజనం కోసం పశువులకు ఇటువంటి చికిత్స చేయడాన్ని హనఫీ ధర్మవేత్తలు అనుమతించారు. వీధి పెద్దలు అన్ని మతాలవారితో కలిసి మునిసిపల్ కార్యాలయంలో అర్జీ ఇవ్వడం ధర్మబద్ధమైన పని. వీధికుక్కలకు అన్నం పెట్టదలచినవారు బడి గేటు వద్ద, మస్జిదు మెట్ల వద్ద, పిల్లలు ఆడే చోట పెట్టకండి. ఎవరికీ అడ్డులేని చోట, పిల్లలు లేని వేళ పెట్టండి.

చివరగా మన వైపు నుండి జరిగే పొరపాటును ఒప్పుకుందాము. బక్రీదు నాడు ఖుర్బానీ వ్యర్థాలను కాలువ గట్టున, ఖాళీ స్థలంలో పడవేస్తున్నాము. మాంసం దుకాణాల వ్యర్థాలు, రొయ్య తలకాయలు రోడ్డు పక్కన పడుతున్నాయి. పచ్చి మాంసం కోసం కుక్కలు గుంపులు కడతాయి, కొట్లాడుకుంటాయి, ఆ దారిన పోయేవారి మీద పడతాయి. దారిలో నుండి హాని కలిగించేదానిని తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని మనకు బోధించబడింది. హాని కలిగించేదానిని మనమే తెచ్చి దారిలో వేస్తే ఎలా? గోతిలో పూడ్చండి. లేదా మునిసిపల్ వాహనానికి అందజేయండి.

సోదరులారా! ఈ రోజు ఇంటికి వెళ్ళాక మూడు పనులు చేయండి. కుక్క ఉన్నవారు దాని నీళ్ళ చిప్ప చూడండి, టీకా కాగితం ఎక్కడున్నదో వెదకండి. పిల్లలు ఉన్నవారు వారిని దగ్గర కూర్చోబెట్టుకొని, కుక్క కరిస్తే వెంటనే మాకు చెప్పు, నిన్ను ఎవరూ తిట్టరు అని చెప్పండి. బట్ట నాపాక్ అయితే నీళ్ళతో కడుక్కోవచ్చు. పోయిన ప్రాణాన్ని ఏ నీళ్ళూ తిరిగి తేలేవు.

ఓ అల్లాహ్! నీవు మా అధీనంలో ఉంచిన ప్రతి ప్రాణి విషయంలో మమ్మల్ని నమ్మకస్తులుగా చేయి. మాట రాని జీవుల పట్ల మా చేతులను, మా హృదయాలను మృదువుగా చేయి. మా బిడ్డలను, మా పొరుగువారి బిడ్డలను ప్రతి కీడు నుండి కాపాడు. తెలియక మేము చేసిన లోపాలను మన్నించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!